జేబు వైపు చెయ్యి

తలుపు తోయగానే అక్కకి ముందుగా కనిపించింది తన మంచమే. గోడకి ఆనించి నిలబెట్టి ఉంది. పరుపు చుట్టచుట్టి మూలకి తోసేశారు. తన పాప బట్టల బుట్ట కిటికీ కిందికి చేరింది. అందులో ఉతికినవీ విడిచినవీ కలిసిపోయాయి. మంచం ఉండాల్సిన చోట చెల్లెలు చేతులు చాచి గిర్రున తిరుగుతోంది.

"వచ్చావా? చెప్పులు అక్కడే విప్పు, నేల తుడిచాను," అంది తిరుగుతూనే.

తన గదిలోకి తను రావడానికి ఇంకొకరు షరతులు పెడుతున్నారు! అక్క భుజం మీద నిద్రపోతున్న పాపని రెండో భుజానికి మార్చుకుని గుమ్మంలోనే నిలబడింది. పడుకోబెడదామంటే మంచం లేదాయె.

అమ్మా, చెల్లెలూ పక్క గదిలో ఉంటారు. రెండు గదులకీ మధ్య గోడ ఒకటే. అమ్మ పొద్దున బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసి, మధ్యాహ్నం నుంచి ఇంట్లో అట్టపెట్టెలు మడుస్తుంది. ఆ పెట్టెలు పేర్చాక ఆ గదిలో మనిషి ఒత్తిగిలి పడుకోవడమే కష్టం, ఇక డాన్సెక్కడ? అందుకని చెల్లెలు అక్క గది మీద పడింది. అక్క మొగుడు పొద్దున పార్సిళ్ళు పంచడానికి వెళ్తే చీకటి పడేదాకా రాడు. అక్క యూనిఫాంలు కుట్టే షెడ్డుకి వెళ్తుంది. "గది ఊరికే ఉంటోంది కదా," అంది అమ్మ, అది తన గదే అయినట్టు.

నిజానికి గది ఊరికే లేదు. పగలంతా అందులో పాప ఉండేది. పొద్దున చెల్లెలూ, మధ్యాహ్నం నుంచి పెట్టెలు మడుస్తూ అమ్మా పాపని చూసుకునేవాళ్ళు. ఇప్పుడు చెల్లెలి కాళ్ళకి పాప అడ్డం వస్తోందని అమ్మ, "ఈ కాస్త రోజులూ నీతో తీసుకెళ్ళవే," అని అక్కతోనే పంపేస్తోంది. సూదులూ, కత్తెరలూ, కరెంటు వైర్లూ ఉన్న షెడ్డుకి నాలుగేళ్ళు నిండని పిల్లని!

ఎందుకంటే ఆదివారం పెద్ద డాన్సు ట్రూపు వాళ్ళు కొత్తవాళ్ళని ఎంచుకుంటున్నారు. తీసుకున్నారంటే నెలనెలా జీతం, ఊళ్ళు తిప్పి స్టేజీల మీద ఆడిస్తారు. ఈ పేట నుంచి అందులో చేరినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. ఆడాల్సిన డాన్సుని వీడియో తీసి ముందే అందరి ఫోన్లకీ పంపించారు. నేర్చుకుని రావాలి, వచ్చినవాళ్ళంతా వరసల్లో నిలబడి ఒకేసారి ఆడాలి.

చెల్లెలు అమ్మ ఫోనుని నీళ్ళ బిందెకి ఆనించి, ఆ వీడియో చూస్తూ ఆడుతోంది. అమ్మ గుమ్మం పక్కన కూర్చుని అట్ట మడతపెట్టడం కూడా మర్చిపోయి చూస్తోంది. అంతసేపు ఖాళీగా ఉన్న అమ్మ చేతుల్ని అక్క ఎప్పుడూ చూడలేదు.

బాగా ఆడుతోంది. అదే అక్కకి మింగుడుపడడం లేదు. నడుము దగ్గర మొదలైన కదలిక భుజం మీదుగా పాకి వేలి చివర్న ఆగుతోంది. ఏదైనా వంక దొరుకుతుందేమోనని అక్క వెతికింది. కాళ్ళు చూసింది, మెడ చూసింది. దొరకలేదు. అప్పుడు ఫోన్లో ఆడుతున్న డాన్సు మాస్టరు వైపు చూసింది.

చూడగానే కళ్ళు అతని జేబు మీద పడ్డాయి. షెడ్డులో ఆమె పని అదే. కత్తిరించిన చొక్కా ఎడమ ముక్క వస్తుంది, దాని మీద కటింగ్ మాస్టరు సుద్దతో చుక్కలు పెట్టి ఉంటాడు, ఆ చుక్కల మీద జేబు ఆనించి మూడు వైపులా కుట్టు వేయాలి. రోజంతా జేబులే. బస్సెక్కినా జనం మొహాల కంటే ముందు జేబులే కనిపిస్తాయి ఆమెకి.

ఫోన్లో మాస్టరు జేబు వైపు చెయ్యి ఎత్తాడు. చెల్లెలు కూడా చెయ్యి ఎత్తింది.

అక్క కళ్ళు చికిలించింది. మాస్టరు జేబు వైపు కాలు ముందుకేసి వంగాడు. చెల్లెలూ వేసింది. కానీ అది వేసింది కుడికాలు.

ఏ చొక్కాకైనా జేబు ఎడమ వైపే. అంటే మాస్టరు ఎత్తింది ఎడమ చెయ్యి, వేసింది ఎడమ కాలు. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎడమ చెయ్యి మనకి కుడి పక్కకి వస్తుంది. చెల్లెలు ఆ పక్కనున్న తన చెయ్యిని, అంటే కుడి చేతిని, ఎత్తేస్తోంది. అద్దంలో బొమ్మలా. మొదట్నుంచి చివరిదాకా డాన్సంతా అటుదిటు నేర్చుకుని కూర్చుంది! డాన్సు స్కూళ్ళలో చేరిన పిల్లలకి ఇది మొదటి రోజే ఎవరో చెప్తారు. దీనికి చెప్పేదెవరు? గురువూ అద్దమూ అన్నీ ఆ పగిలిన ఫోనే.

ఆదివారం వరసలో అందరూ అటు తిరిగితే ఇది ఇటు తిరుగుతుంది. పక్కపిల్ల మూతికి దీని మోచెయ్యి తగులుతుంది. మొదటి పాటలోనే బయటికి పంపేస్తారు.

అక్క నోరు తెరిచింది.

"చూశావటే?" అంది అమ్మ అదే క్షణంలో. "కాళ్ళు నేల మీద ఆనుతున్నాయా అసలు? మన ఇంటా వంటా ఎవరికుంది ఈ విద్య? పుట్టుకతో వచ్చింది దీనికి."

అక్క తెరిచిన నోరు మూసేసింది.

పుట్టుకతో వచ్చిందట. ఎనిమిదో తరగతి మధ్యలో అక్కని బడి మాన్పించింది అమ్మే. అప్పుడే అమ్మకి ఫ్యాక్టరీలో పని దొరికింది, నడక వచ్చీ రాని చెల్లెల్ని చూడ్డానికి ఇంట్లో ఎవరూ లేరు. అది గుక్కపట్టి ఏడిస్తే అక్క కిటికీ దగ్గరికి ఎత్తుకెళ్ళి, పక్కింటి టీవీలో వచ్చే పాటలకి గంతులేసి నవ్వించేది. నవ్వు ఆగగానే మళ్ళీ ఏడుపు. మళ్ళీ గంతులు. అలా ఎన్ని మధ్యాహ్నాలు గడిచాయో! ఆ పిల్ల మొదటిసారి నడుము ఊపింది ఆ కిటికీ ముందే, అక్క వేళ్ళు పట్టుకుని. పుట్టుకతోనట, పుట్టుకతో.

"మంచం దించుకోవచ్చా? పాపకి మెడ పట్టేస్తుంది," అంది అక్క.

మంగళవారం అలా గడిచింది.

*

బుధవారం పాపని షెడ్డులో తన మిషను కింద, గుడ్డముక్కల కుప్ప మీద కూర్చోబెట్టింది. మెత్తటి పేలికతో దాని నడుముని తన స్టూలుకి కట్టింది. అయినా మనసు కుదుట పడదు. పక్క బల్ల మీద బొత్తాల డబ్బా ఉంది. ఒక్కటి జారి కింద పడితే చాలు, ఈ పిల్ల ముందు నోట్లో పెట్టుకుని తర్వాత అదేంటని అడిగే రకం. అందుకని ప్రతి చొక్కాకీ ఒకసారి వంగి, "నోరు తెరువు," అంటోంది. కాసేపటికి పాపకి అలవాటైపోయి, తల్లి వంగితే చాలు, దానంతటదే నోరు తెరుస్తోంది.

"ఇది కుట్టు షెడ్డా, పళ్ళ డాక్టరు ఆసుపత్రా?" అన్నాడు సూపర్‌వైజరు వెళ్తూ వెళ్తూ.

అక్క నవ్వలేదు. ఆమె బుర్రలో చెల్లెలు తిరుగుతోంది. ఇటు, ఇంకా ఇటు. చెప్తే ఏమవుతుంది? ఈ రోజు చెప్పినా నేర్చుకోవడానికి టైముంది. కానీ చెప్పగానే అది ఏమంటుందో కూడా తెలుసు. నీకేం తెలుసక్కా డాన్సు గురించి, జేబులు కుట్టుకునేదానివి, అంటుంది. అననీ. అయినా ఎవరు అడిగారు తనని? మంచం తీసేటప్పుడు అడిగారా? పాపని పంపేటప్పుడు అడిగారా? అడగనివాళ్ళకి చెప్పడానికి తనకేం పట్టింది? ఆ ట్రూపు వాళ్ళకి ఎడమా కుడీ పట్టింపు లేదేమో కూడా. ఎవరికి తెలుసు.

అలా అనుకుంటూ కుట్టుకుంటూ పోయింది. కాలర్లు వేసే అత్త వచ్చి భుజం తట్టేదాకా తల ఎత్తలేదు. అత్త అంటే చుట్టమేం కాదు. షెడ్డులో అందరికంటే పెద్దది, కాలర్లు ఆమె తప్ప ఎవరు వేసినా ముడతలొస్తాయి, అందుకని అందరికీ కాలర్ల అత్త.

"ఏమ్మా, ఈ చొక్కా ఎవరికి? అద్దంలో ఉండేవాడికా?"

అక్క చూసుకుంది. కుడి ముక్కల కట్ట పొరపాటున తన బల్ల మీదికొచ్చింది, చుక్కలు ఉన్నాయో లేవో కూడా చూడకుండా వాటికే జేబులు కుట్టేసింది. 

"కేకలెయ్యకత్తా, సూపర్‌వైజరు వింటాడు. విప్పేస్తాను."

"నేనూ విప్పుతా, ఇటివ్వు. ఏంటే ధ్యాస? పిల్లకి జ్వరమా?"

"లేదు. నోరు తెరువమ్మా... లేదు, బాగానే ఉంది." అక్క కుట్టు కింద కత్తెర మొన దూర్చింది. "అత్తా, ఒకళ్ళు తప్పు చేస్తున్నారనుకో. వాళ్ళకి తెలీదు. మనకి తెలుసు. మనల్ని అడగలేదు. చెప్పాలా?"

"ఎవరు?"

"ఎవరో."

"ఎవరో అయితే ఈపాటికి చెప్పేసేదానివి. కడుపులో పెట్టుకుని తిరుగుతున్నావంటే ఇంట్లోవాళ్ళే." అత్త పళ్ళతో దారం తెంపింది. "ఒకసారి మా కోడలు కూరలో రెండోసారి ఉప్పు వేస్తుంటే చూస్తూ కూర్చున్నాను. నోరెత్తలేదు. దాని వంటని మా వాడు తెగ పొగుడుతున్నాడు అప్పట్లో."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఆ కూర నేను కూడా తినాల్సొచ్చింది."

*

గురువారం సాయంత్రం చెల్లెలే అడిగింది. పాట ఆపి, చెమట కారుతున్న మొహంతో అక్క ఎదురుగా నిలబడి, నడుం మీద చేతులు వేసుకుని అడిగింది.

"ఎలా ఉందే? అమ్మ మాట వదిలెయ్, నేను తుమ్మినా బాగుందంటుంది. నువ్వు చెప్పు, నిజం చెప్పు."

ఇంతకంటే తేలిక ఇంకేం కావాలి? ఒక్క మాట చాలు. అక్క చెల్లెలి కాళ్ళ వైపు చూసింది. అవి సన్నగా, నిటారుగా ఉన్న కాళ్ళు, పొట్ట కింద కోత లేని ఒంటికి అతికిన కాళ్ళు. పాప పుట్టినప్పుడు అక్కకి ఆసుపత్రిలో వేసిన కుట్టు ఇప్పటికీ చలిరోజుల్లో లాగుతుంది. ఆ కాళ్ళతో ఇది ఊళ్ళు తిరుగుతుంది. హోటళ్ళలో పడుకుంటుంది. లైట్ల కింద నిలబడి చెమట తుడుచుకుంటుంది. తను మాత్రం జేబులు కుడుతూ, బొత్తాల కోసం పిల్ల నోరు వెతుకుతూ...

"బాగుంది," అంది.

అది అబద్ధం కూడా కాదు. అందుకే నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చింది.

"అంతేనా? మూతి అలా పెట్టి అంటావేం?"

"నా మూతే అంత. నువ్వు ఆడుకో."

చెల్లెలు కిసుక్కున నవ్వి ఆమె బుగ్గ గిల్లింది. "ఆదివారం నువ్వు రావాలి. నువ్వు కనిపించకపోతే నాకు కాళ్ళు ఆడవు, ముందే చెప్తున్నా."

ఆ గిల్లిన చోటు అన్నం తినేటప్పుడు కూడా చురుక్కుమంటూనే ఉంది. మొగుడు ఏమైంది అంటే దోమ అంది.

*

శనివారం అమ్మకి ఫ్యాక్టరీ సెలవు, షెడ్డు మధ్యాహ్నానికే మూసేస్తారు. ఆ ఒక్క పూటకీ పాపని అమ్మ ఉంచుకుంటానంది. అక్క మెట్లెక్కుతుంటేనే పాట వినిపించింది, దాని మధ్యలో పాప ఏడుపు.

మిగతా మెట్లు ఎలా ఎక్కిందో తెలీదు. గుమ్మంలోకొచ్చేసరికి చెల్లెలు పాప మణికట్టు పట్టుకుని ఉంది. పాపకేం దెబ్బ తగల్లేదు. నెత్తురు లేదు. అక్క ముందు అదే చూసింది.

"అటు కాదే మొద్దూ! పెన్సిల్ పట్టుకునే చెయ్యి! ఇది! ఇది ఎత్తాలి!"

"నేను ఇదే ఎత్తాను పిన్నీ..."

"అది కాదంటుంటే! ఎన్నిసార్లు చెప్పాలి?"

పాప పిన్ని ఎదురుగా నిలబడి, పిన్నిని చూసి ఆడుతోంది. పిన్ని ఏ పక్క చెయ్యి లేపితే తనూ ఆ పక్క చెయ్యే లేపుతోంది. అక్కకి ఒక్కసారిగా అర్థమైంది. వీడియోని చూసి పిన్ని తిరగేసింది. పిన్నిని చూసి పాప మళ్ళీ తిరగేసింది. అంటే ఆ గదిలో సరిగ్గా ఆడుతున్నది ముక్కు కారుతున్న తన కూతురొక్కతే. ఆ కూతుర్ని మొద్దు అంటోంది ఇది.

"దాని చెయ్యి వదులు," అంది అక్క.

"కాస్త ఆగు, నేర్పుతున్నా..."

"వదలమన్నానా! అది ఎత్తిందే కరెక్టు. తప్పు నీది."

చెల్లెలు వదిలేసింది. అక్క పాపని లాక్కుని చంకలో వేసుకుంది. చెల్లెలు అమ్మ వైపు చూసి నవ్వింది. "విన్నావా? ఈ బుడంకాయ నాకు గురువంట ఇప్పుడు."

"అవును. నీకంటే అదే నయం." అక్క ఫోను తీసి వీడియో ఆపింది. మాస్టరు చెయ్యి గాల్లో ఉండగా బొమ్మ నిలిచిపోయింది. "చొక్కాకి జేబు ఏ పక్కనుంటుంది?"

"ఏ చొక్కాకి?"

"ఏ చొక్కాకైనా. నీ బడి చొక్కాకి ఎక్కడుండేది? వేలు పెట్టి చూపించు."

చెల్లెలు విసుగ్గా తన ఎడమ రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది.

"వీడు ఏ చెయ్యి ఎత్తాడు? జేబు వైపుదా, అవతలిదా?"

చెల్లెలు ఫోను చూసింది. తన చెయ్యి చూసుకుంది. కుడిచెయ్యి ఎత్తింది, దించింది. ఎడమది ఎత్తింది. మళ్ళీ ఫోను చూసింది. మొహంలో నవ్వు ఎక్కడికి పోయిందో, పెదవులు మాత్రం నవ్వినట్టే తెరుచుకుని ఉండిపోయాయి.

"అంతా?" అంది మెల్లగా.

"అంతా."

పాప ఇంకా ఎక్కిళ్ళు పెడుతోంది. అక్క దాని ముక్కు తుడిచింది.

"ఇప్పుడే చూశావా?" అంది చెల్లెలు.

అవునంటే సరిపోయేది. అక్కకి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ మొద్దు అన్న మాట ఇంకా చెవిలో ఉంది.

"మంగళవారం చూశాను."

అమ్మ అట్టముక్క కింద పెట్టి లేచింది. "మంగళవారమా? గురువారం అది అడిగితే బాగుందన్నావు కదే! నేను ఇక్కడే ఉన్నాను! సొంత చెల్లెలే అది. దాని మీద ఇంత కడుపుమంటా నీకు?"

"ఉంది. ఎందుకుండదు? నన్ను బడి మాన్పించి దీన్ని నా చంకనెక్కించావు. ఏడ్చినప్పుడల్లా దీని ముందు గంతులేసింది ఎవరు? నువ్వా? ఇవాళ నా మంచం తీసి, నా పిల్లని సూదుల మధ్యకి పంపి, పైగా పుట్టుకతో వచ్చిందని పాట పాడుతున్నావు. దీనికి మొదటి అడుగు ఎవరు నేర్పారో కనీసం గుర్తుందా నీకు?"

"గుర్తుంది," అంది అమ్మ. గొంతు తగ్గిపోయింది. "గుర్తుంటే ఏం చెయ్యమంటావే? దీన్ని కూడా మాన్పించనా?"

అమ్మ  మళ్ళీ కూర్చుని, మడిచేసిన పెట్టెనే విప్పి మళ్ళీ మడవడం మొదలుపెట్టింది.

చెల్లెలు ఏడుస్తుందనుకుంది అక్క. ఏడవలేదు. గది మధ్యలో నిలబడి డాన్సుని తిరగేసి ఆడబోయింది. చెయ్యి కొత్తవైపు వెళ్తే కాలు పాతవైపు వెళ్ళింది. కాళ్ళల్లో కాళ్ళు పడి తూలి, గోడ పట్టుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ తూలింది.

"బుర్ర తిరిగిపోతోంది," అంది. తర్వాత అక్క వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం పొడిగా ఉంది. "మీరిద్దరూ రేపు వచ్చాక కొట్టుకోండి. ముందు నువ్వు ఇక్కడికి రా. నాకు వీపు పెట్టి నిలబడు. నువ్వు ఆడు, నేను నీ వెనక ఆడతా."

"నాకెక్కడొచ్చు?"

"రోజూ గుమ్మంలో నిలబడి తినేసేలా చూశావు. నీకు రాకపోవడమేంటి?"

అది నిజమే. వచ్చు. వంక వెతకడానికి చూసిందంతా వంటబట్టేసింది. అక్క పాపని అమ్మ ఒళ్ళో పెట్టింది. పాట పెట్టారు.

మొదట చాలా సిగ్గేసింది. ఎప్పుడో కిటికీ దగ్గర ఆడడమే, మళ్ళీ లేదు. ఒళ్ళు బరువుగా, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు ఉంది. జేబు వైపు చెయ్యి, జేబు వైపు కాలు, అని పైకే అంటూ కదిలింది. వెనక చెల్లెలు అదే అంటూ కదిలింది. పొట్ట కింద కుట్టు లాగింది. లాగనీ అనుకుంది. కాసేపటికి మాటలు ఆగిపోయాయి, కాళ్ళే వాటంతట అవి వెళ్తున్నాయి. నడుము దగ్గర మొదలైంది భుజందాకా పాకింది. అయ్యో, వస్తోందే, అనుకుంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేం. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు కిటికీ ఎండలో ఎదుటి గోడ మీద ఇద్దరి నీడలూ పడ్డాయి. ముందుది తనది. దాని భుజం మీదుగా వెనకది. తన నీడ చెయ్యి ఎత్తి దించేలోపు ఆ వెనక నీడ ఎత్తి, ఆపి, మెల్లగా వదిలి, దించుతోంది. ఇప్పుడిప్పుడే తిరగేసి నేర్చుకుంటున్న పిల్ల! అప్పుడే తనని దాటిపోయింది. అక్కకి కడుపులో మళ్ళీ భగ్గుమంది. అయినా ఆపలేదు. ఆపితే చెల్లెలి కోసం కాదు, తన కాళ్ళ కోసం బాధగా ఉండేది.

కిటికీలో ఎండ పూర్తిగా పోయేదాకా ఆడారు. మంచం చెల్లెలే దించింది.

*

ఆదివారం హాలు ముందు నిలబడ్డానికి చోటు లేదు. ఎక్కడ చూసినా నిగనిగలాడే బూట్లు, ఒకే రకం నల్ల బట్టలు, డాన్సు స్కూళ్ళ పేర్లున్న సంచులు. చెల్లెలి బూట్లకి అక్క పొద్దున్నే సుద్ద రాసింది. పాపని అమ్మ ఎత్తుకుంది. ఇంత జనంలో పిల్ల తప్పిపోతే ఎలాగని అక్క దాని చొక్కా లోపల ఫోను నెంబరు పిన్నీసుతో గుచ్చి పెట్టింది.

తలుపు దగ్గర ఒక అమ్మాయి అందరి రొమ్ము మీదా నెంబర్ల కాగితాలు అంటిస్తోంది. చెల్లెలికి అంటించి, తర్వాతది చింపి, అక్క మీదికి చెయ్యి చాచింది. "నెక్స్ట్ మీరేనా?"

అక్క వెంటనే కాదనలేదు. ఆ కాగితం వైపు అలాగే చూస్తూ నిలబడింది.

"కాదండీ, మా అక్క. తోడొచ్చింది," అంది చెల్లెలు. ఆ అమ్మాయి కాగితం ఇంకెవరికో అంటించేసింది.

ఇంటివాళ్ళని గోడ వెంబడి నిలబడనిచ్చారు. పిల్లలు వరసల్లో నిలబడ్డారు. చెల్లెలి పక్కన ఒక పొడుగు పిల్ల ఉంది. ఆ పిల్ల వెంట సొంత మాస్టరే వచ్చాడు, నీళ్ళ సీసా పట్టుకుని.

పాట మొదలైంది. అందరి చేతులూ ఒకేవైపు లేచాయి. చెల్లెలిదీ అటే. అక్క ఊపిరి వదిలింది. అంతమందిలోనూ దాన్ని వెతుక్కోనక్కర్లేదు, చూపు దానంతటదే వెళ్ళి దాని మీద ఆగుతోంది. ఎదురు బల్ల దగ్గర కూర్చున్న ట్రూపు పెద్దాయన చూపు కూడా అక్కడే ఆగింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. పక్కావిడ చెవిలో ఏదో అన్నాడు. అమ్మ అక్క మోచెయ్యి నొక్కింది. తీసుకుంటారు, ముందు వరసలోనే నిలబెడతారు, అనిపించింది అక్కకి. సంతోషపడాల్సింది. అమ్మ చేతి కింద నుంచి మోచెయ్యి లాక్కుంది.

మధ్యలో గిర్రున తిరిగే చోటు వచ్చింది. అందరూ ఎడమకి తిరిగారు. చెల్లెలి ఒళ్ళు కుడికి వెళ్ళింది. ఎంతో కాదు, భుజం మాత్రం. తెలిసి ఆగి, వెనక్కి వచ్చి, వరసలో కలిసిపోయింది. పొడుగు పిల్ల మాత్రం దీన్ని తప్పించుకోవడానికి పక్కకి జరగాల్సి వచ్చింది. బల్ల దగ్గర పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

పాట అయ్యాక చాలాసేపు కూర్చోబెట్టి, నెంబర్లు పిలిచారు. ముందు వరసకని పిలిచినవాళ్ళలో పొడుగు పిల్ల ఉంది. చెల్లెలు లేదు. అమ్మ పాపని గట్టిగా పొదువుకుంది. తర్వాత వెనక వరసకని పిలిచారు. అందులో ఉంది.

"తీసుకున్నారే! తీసుకున్నారు!" అని అమ్మ పక్కనున్న ఎవరినో కావలించుకుంది. పాప ఎందుకో తెలీకుండానే చప్పట్లు కొట్టింది.

వెనక వరస, అని అక్క మనసులో మరోసారి అనుకుంది. అప్పుడు తనూ పాపతో కలిసి చప్పట్లు కొట్టింది.

చెల్లెలు బయటికొచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కుంది. అమ్మ ముద్దులు పెడుతుంటే పెట్టనిచ్చింది. అమ్మ పాపకి నీళ్ళు పట్టడానికి వంగగానే అక్క వైపు తిరిగింది.

"మంగళవారమే చెప్పుంటే ముందు వరసలో ఉండేదాన్ని."

"అసలు చెప్పకపోయుంటే రోడ్డు మీద ఉండేదానివి."

చెల్లెలు నవ్వలేదు. అక్క కూడా నవ్వలేదు. క్షమించమని అడగాలేమో అనుకుంది. ఆ మాట రాలేదు, తెచ్చిపెట్టుకోబుద్ధి కూడా కాలేదు. ఇద్దరూ పక్కపక్కనే నడిచారు బస్సు దాకా.

బస్సులో పాప తల్లి చేతుల్లోంచి జారి పిన్ని ఒళ్ళోకి పాకింది. అదీ గుచ్చుకుంది అక్కకి. కిటికీలోంచి చూస్తే పొడుగు పిల్ల కారెక్కుతోంది. మాస్టరు తలుపు తీసి పట్టుకున్నాడు.

"దాని మోకాలు వంగదు," అంది చెల్లెలు ఉన్నట్టుండి, పళ్ళ మధ్య నుంచి. "చూశావా? నా పక్కనే కదా, నేను చూశాను. అస్సలు వంగదు. అదీ ముందు వరస."

అక్క ఆమె మొహంలోకి చూసింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి, కళ్ళు ఆ కారు మీదే ఉన్నాయి. ఆ చూపు అక్కకి తెలియనిది కాదు.

"మోకాలు తర్వాత సంగతి," అంది అక్క. "మెడ చూశావా? కర్రకి తలకాయ తగిలించినట్టు."

"వంగేటప్పుడైతే..."

"వంగిందెక్కడ? తలుపు గడియ పడ్డట్టు టక్కున పడింది."

చెల్లెలికి నవ్వొచ్చేసింది. ఆపుకోబోయి, ఆగక, పాప జుట్టులో మొహం దాచుకుంది.

"ఎవర్ని ఆడిపోసుకుంటున్నారే?" అంది అమ్మ వెనక సీట్లోంచి. "పాపం, ఆ పిల్ల మీకేం చేసింది?"

"నువ్వు ఊరుకోమ్మా," అన్నారు ఇద్దరూ ఒకేసారి. అక్క ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చుంది. ఆ పిల్ల నడక మిగిలింది, బట్టలు మిగిలాయి, ఆ నీళ్ళ సీసా మాస్టరు మిగిలాడు. పేట వచ్చేదాకా ఒక్కటీ వదల్లేదు.